కారని పైపు మీద ఫిర్యాదు

సోమవారం, మూడో తేదీ

నీటి సరఫరా ఆఫీసులో ఫిర్యాదులు చూసే గుమాస్తా గారికి,

నమస్కారాలు.

నేను మీకు కొత్తవాణ్ణి కాను. మీటరు నంబరు 712. నలభై ఏళ్ళు గడియారాలు బాగుచేసి రిటైరైన మనిషిని. మా వాకిట్లో మీటరుకు వీధివైపున్న అతుకు దగ్గర పైపు కారుతోందని నాలుగేళ్ళలో మీకు ముప్పై ఒక్క ఉత్తరాలు రాశాను. నిమిషానికి నలభై రెండు చుక్కలు. ఎండాకాలంలో నలభై నాలుగు. ఒక్కదానికీ జవాబు రాలేదు. పోనీ నేనే బిగించుకుందామంటే, మీటరుకు ఇంటివైపున్నది మాది, వీధివైపున్నది ఆఫీసుది, వీధివైపు ఎవరు చెయ్యి వేసినా నేరం అని బిల్లు వెనకాల మీరే అచ్చు వేశారు. నేను రూలు తప్పే మనిషిని కాను.

ఈ ఉత్తరం వేరే సంగతి గురించి. మొన్న శనివారం ఉదయం పది గంటల పదిహేడు నిమిషాలకు ఖాకీ చొక్కా వేసుకుని, బూడిదరంగు సంచీ పట్టుకుని మీ మనిషి ఒకాయన వచ్చారు. తలుపు తీసింది మా ఆవిడ. "ఆఫీసు నుంచి వచ్చారండీ, మీరు కిందికి రాకండి, పైనే ఉండండి" అని ఆవిడే కేకేసి చెప్పింది. నేను మేడమీది వరండాలో నిలబడి చూశాను. ఇరవై రెండు నిమిషాలు కూర్చుని పని ముగించి వెళ్ళారు. తర్వాత నేను స్టాప్‌వాచీ పట్టుకుని పైపు పక్కన ఒక గంట కూర్చున్నాను. ఒక్క చుక్క పడలేదు.

ఇందుకు మీకూ, ఆయనకూ నా కృతజ్ఞతలు. సన్నపని చేసి బతికినవాణ్ణి కాబట్టి చెయ్యి చూస్తే మనిషి తెలుస్తాడు. తొందరపడని చెయ్యి నా జన్మలో ఇద్దరిదే చూశాను. ఈయన మూడోవారు. ఈయన దయవల్ల నాలుగేళ్ళ తర్వాత కంటినిండా నిద్రపోయాను. ఈ మాట ఆయనకు చేరవేయండి.

ఇన్నాళ్ళూ తిట్టినవాడు ఇవాళ ఎందుకు పొగుడుతున్నాడా అని మీకు అనిపించవచ్చు. నాకు రక్తపోటు ఎక్కువ. "రోజూ ఎవరిమీదో ఒకరిమీద ఫిర్యాదు రాసే బదులు, రోజూ ఎవరో ఒకరికి కృతజ్ఞత చెబుతూ రాయండి, మూడు నెలలు చూద్దాం" అన్నాడు డాక్టరు. అందులో మొదటిది మీకే.

ఇట్లు,
మీటరు నంబరు 712

తా.క. ఆయన మా ఇంట్లో టీ తాగలేదు. మా ఆవిడ ఇస్తాననలేదు. ఎప్పుడూ అలా చేసే మనిషి కాదు, ఎందుకో ఆయన్ని గబగబా పంపించేసింది. ఆవిడ తరఫున నేను క్షమాపణ చెప్పుకుంటున్నాను.


శనివారం, ఎనిమిదో తేదీ

మీటరు నంబరు 712 వారికి,

తమరు మూడో తేదీన పంపిన ఫిర్యాదు అందినది. దానిని ఈ విధంగా నమోదు చేయడమైనది.

ఫిర్యాదు సంఖ్య: ముప్పై రెండు. ఫిర్యాదు స్వభావం: పైపు కారడం లేదు. ఎప్పటినుంచి: ఒకటో తేదీ నుంచి.

సదరు పరిస్థితిని పదిహేను రోజుల్లోగా చక్కదిద్దగలమని తెలియజేయడమైనది.

ఇట్లు,
ఫిర్యాదుల గుమాస్తా, నీటి సరఫరా కార్యాలయం

తా.క. జనం రాసే ఉత్తరాలకు మా ఆఫీసులో ఉన్నది ఒకటే రిజిస్టరు. వచ్చిన ప్రతి కాగితమూ అందులోకే ఎక్కాలి. పోయినేడాది ఎవరో పెళ్ళి శుభలేఖ పంపితే అది కూడా అందులోనే ఎక్కించి, విచారణకు మనిషిని పంపాం.


బుధవారం, పన్నెండో తేదీ

గుమాస్తా గారికి,

నమస్కారాలు. మీ జవాబు అందింది. నాలుగేళ్ళలో మొదటిది కాబట్టి రెండుసార్లు చదివి, బీరువాలో పెట్టాను. కానీ చిన్న పొరపాటు జరిగింది. నేను రాసింది ఫిర్యాదు కాదు. పైపు కారడం లేదు, చాలా సంతోషంగా ఉంది అని రాశాను. అక్కడ చక్కదిద్దవలసింది ఏమీ లేదు. దయచేసి దేన్నీ చక్కదిద్దకండి.

నిన్న ఉదయం తొమ్మిదింబావుకు మీ మనుషులు ఇద్దరు పలుగూ పారా తీసుకుని వచ్చారు. "ఎక్కడండీ కారనిది?" అని అడిగారు. చూపించాను. ఒకతను బోర్లా పడుకుని పైపుకు చెవి ఆనించి, "నిజమేరా, కారట్లేదు" అని రెండో అతనితో అన్నాడు. రెండో అతను కాగితం తీసి, "మామూలుగా అయితే ఎంత కారాలండీ?" అని అడిగాడు. తెలిసింది దాచే అలవాటు నాకు లేదు. నలభై రెండు అన్నాను. రాసుకున్నాడు. ఎందుకు రాసుకున్నాడో అడిగే ధైర్యం నాకు లేకపోయింది. పలుగు ఎత్తేసరికి మా ఆవిడ వచ్చి పైపుకూ వాళ్ళకూ మధ్య పీట వేసుకుని కూర్చుంది. అరగంట చూసి వెళ్ళిపోయారు.

కాబట్టి మరోసారి స్పష్టంగా రాస్తున్నాను. నాకు ఏ ఇబ్బందీ లేదు. ఆ ఫిట్టరు గారికి నా మాట చేరిందో లేదో అదొక్కటి తెలపండి.

ఇట్లు,
మీటరు నంబరు 712

తా.క. రక్తపోటు ఆరు పాయింట్లు తగ్గింది. మొన్న పాలతనికి రాశాను, ఏళ్ళ తరబడి వేళ తప్పకుండా పోస్తున్నందుకు. వాకిట్లోనే నిలబడి చదువుకుని, తల వంచుకుని "ఇకమీదట కలపనండి" అన్నాడు. నేను దాని గురించి ఏమీ రాయలేదు.


శనివారం, పదిహేనో తేదీ

మీటరు నంబరు 712 వారికి,

తమరి ఉత్తరాలు రెండూ ఇంజనీరు గారి ముందు పెట్టడమైనది. ఇవి వెటకారంగా రాసినవని వారి అభిప్రాయం. దీనికి ఆధారంగా తమరి పాత ఉత్తరాలు ముప్పై ఒకటీ తెప్పించుకుని చదివారు. తొమ్మిదో దానిలో తమరు "మీ ఆఫీసులో మనుషులు కూడా ఉన్నారా, కుర్చీలేనా" అని అడిగి ఉన్నారు. పదిహేడో దానిలో "మీరు నీళ్ళు మానేసి దిండ్లు సరఫరా చెయ్యండి, నమ్మకంగా చేస్తారు" అని సలహా ఇచ్చారు. ఇరవై ఆరో దానిలో ఇంజనీరు గారిని "పెద్ద కుళాయి, చిన్న ధార" అన్నారు. ఇది చదివాక వారు కొంతసేపు కిటికీలోంచి బయటికి చూశారు.

ఇవి రాసిన చేత్తోనే కృతజ్ఞతలు ఎలా వస్తాయని వారి ప్రశ్న. తమరి కృతజ్ఞత నిజమైనదేనని రెండు ప్రతుల్లో రాసి, సంతకం చేసి పంపవలెను.

రెండో విషయం. మీటరు 712 దగ్గర పని చేయమని ఒకటో తేదీన ఈ ఆఫీసు ఎవరికీ పని ఉత్తర్వు ఇవ్వలేదు. ఉత్తర్వు లేకుండా ఆఫీసు పైపు మీద చెయ్యి వేయడం నేరం. వచ్చిన మనిషి ఆనవాళ్ళు వివరంగా తెలుపవలెను.

ఇట్లు,
ఫిర్యాదుల గుమాస్తా

తా.క. ఇది సొంత మాట. పందొమ్మిదేళ్ళుగా ఈ కుర్చీలో ఉన్నాను. మెచ్చుకుంటూ వచ్చిన కాగితం నాకు ఇదే మొదటిది. సాయంత్రం ఇంటికి తీసుకెళ్ళి మా వాళ్ళకు చూపించి, పొద్దున్నే తెచ్చి ఫైల్లో పెట్టాను. ఇంజనీరు గారికి తెలియనివ్వకండి.


సోమవారం, పదిహేడో తేదీ

గుమాస్తా గారికి,

నమస్కారాలు. నా కృతజ్ఞత నిజమైనదేనని రెండు ప్రతులూ ఇందులో పెట్టాను. మొదటి ప్రతిలో సిరా కాస్త అలికింది, రెండోది బాగా వచ్చింది. ఇంజనీరు గారికి రెండోది చూపించండి. ఇరవై ఆరో ఉత్తరం గురించి విచారిస్తున్నాను. ఆ రోజు మాత్ర వేసుకోలేదు.

ఆనవాళ్ళు అడిగారు. ఆయనకు మెప్పుపత్రం ఇవ్వడానికేనని అర్థమైంది, సంతోషం. నేను మేడమీద ఉండటం వల్ల ముఖం కనిపించలేదు, నడినెత్తి కనిపించింది. మధ్యలో గుండ్రంగా, జేబు గడియారం డయలంత బట్టతల ఉంది. అంత గుండ్రంగా ఉన్నది నేను గడియారాల్లో తప్ప చూడలేదు. ఆ ఆనవాలు చాలనుకుంటాను. ఆయనకు ఇచ్చేది ఏదైనా నలుగురి ముందు ఇవ్వండి.

ఇట్లు,
మీటరు నంబరు 712

తా.క. మా ఆవిడ ఈమధ్య చిత్రంగా ఉంటోంది. "పైపు ఆగింది కదా, ఇంకా వాళ్ళకు ఉత్తరాలు ఎందుకండీ" అని రోజూ అంటోంది. తిట్టినా వద్దంటుంది, పొగిడినా వద్దంటుంది. మొన్న శనివారం పోస్టతనికి కృతజ్ఞత రాసి, ఆ ఉత్తరం ఆయన చేతికే ఇచ్చాను. రూలు ప్రకారం పట్టుకెళ్ళి, ముద్ర వేయించి, ఇవాళ ఆయనకు ఆయనే అందజేసుకున్నారు.


శనివారం, ఇరవై రెండో తేదీ

మీటరు నంబరు 712 వారికి,

తమరిచ్చిన ఆనవాళ్ళ మీద గురువారం విచారణ జరిగినది.

ఈ ఆఫీసులో ఫిట్టర్లు నలుగురు. నలుగురినీ వరండాలో నిలబెట్టి టోపీలు తీయించారు. ముగ్గురికి నిండుగా జుట్టున్నది. నాలుగో వారు అందరికంటే పెద్ద ఫిట్టరు, ఇరవై ఆరేళ్ళ సర్వీసు. కొలవడానికి జేబు గడియారం దొరకలేదు, గోడ గడియారం పెద్దదైంది. చివరికి స్టోరులోంచి పెద్ద సైజు వాషరు ఒకటి తెప్పించి నడినెత్తిమీద పెట్టి చూశారు. సరిపోయినది.

ఆయన మొదట ఒప్పుకోలేదు. "ఒకటో తేదీన నేను ఊరికి అవతల పంపుహౌసులో ఉన్నానండీ, ఆ వీధే నాకు తెలీదు" అన్నారు. అప్పుడు ఇంజనీరు గారు తమరి మొదటి ఉత్తరం ఆయనకు చదివి వినిపించారు. తొందరపడని చెయ్యి అన్నచోట ఆయన తలెత్తారు. "మళ్ళీ ఒకసారి చదవండి సార్" అన్నారు. చదివారు. మూడోసారి కాగితం తన చేతికే ఇమ్మని అడిగి తీసుకుని చదువుకున్నారు. తర్వాత "చేసింది నేనే" అన్నారు.

ఉత్తర్వు లేకుండా పనిచేసినట్టు ఒప్పుకున్నందున ఆయనను ఆ నిమిషం నుంచి విధుల్లోంచి తప్పించి ఇంటికి పంపడమైనది. ఆయన రిటైరు కావడానికి ఇంకా నాలుగు నెలలున్నది. వచ్చే నెల అయిదో తేదీ శుక్రవారం తుది విచారణ. నేరం రుజువైతే ఉద్యోగం పోవును.

ఇట్లు,
ఫిర్యాదుల గుమాస్తా

తా.క. వెళ్తూ వెళ్తూ ఆయన నా బల్ల దగ్గర ఆగి మీ ఉత్తరానికి నకలు అడిగారు. రూలు లేదన్నాను. భోజనం వేళలో నేనే కూర్చుని చేత్తో రాసి ఇచ్చాను.


సోమవారం, ఇరవై నాలుగో తేదీ

గుమాస్తా గారికి,

ఇదేం అన్యాయమండీ! ఒక మనిషికి మంచి మాట చెబుదామని రాస్తే ఆయన ఉద్యోగానికే ఎసరు పెట్టారు. ముప్పై ఒక్క ఉత్తరాలు తిట్టినప్పుడు ఎవరి వెంట్రుకా కదల్లేదు. ఒక్కసారి మెచ్చుకుంటే మనిషిని ఇంటికి పంపేశారు. ఇంత పని జరుగుతుందని తెలిస్తే నేను పెన్ను పట్టుకునేవాణ్ణే కాదు.

నా కృతజ్ఞతలన్నీ ఇందుమూలంగా వెనక్కి తీసుకుంటున్నాను. రెండు ప్రతులూ తిప్పి పంపండి. అంతేకాదు, ఆ పని ఏమంత బాగా లేదు. అతుకు సరిగ్గా కూర్చోలేదు. ఇరవై ఆరేళ్ళ సర్వీసున్న ఫిట్టరు అలాంటి పని చెయ్యడు కాబట్టి, చేసింది ఆయన కాదు. దీన్ని నా ముప్పై మూడో ఫిర్యాదుగా రాసుకోండి. ఇదంతా అబద్ధమని నాకు తెలుసు. జన్మలో ఒక మనిషి పనిని అబద్ధానికి తప్పుపట్టడం నాకు ఇదే మొదలు. రాస్తుంటే సిగ్గుగా ఉంది.

ఇట్లు,
మీటరు నంబరు 712

తా.క. రక్తపోటు పద్నాలుగు పాయింట్లు పెరిగింది. ఫిట్టరు గారి సంగతి మా ఆవిడకు చదివి వినిపించాను. చేతిలో చేట కింద పడేసి, "తుది విచారణ ఎప్పుడన్నారూ?" అని అడిగింది. చెప్పాను. గంట తర్వాత వచ్చి మళ్ళీ అడిగింది. రాత్రి అన్నం తినలేదు.


గురువారం, ఇరవై ఏడో తేదీ

మీటరు నంబరు 712 వారికి,

నమోదైన కాగితం తిప్పి పంపే పద్ధతి లేదు. తమరి ముప్పై మూడో ఫిర్యాదు అందినది. ఒకే పని బాగుందని ఒక ఉత్తరం, బాగాలేదని ఒక ఉత్తరం ఉన్నందున, పని జరిగిన మాట మాత్రం ఖాయమని ఇంజనీరు గారు తేల్చారు. ఉత్తర్వు లేకుండా పనిచేశారన్న నేరానికి, దాన్ని సరిగ్గా చేయలేదన్న నేరం కూడా చేర్చడమైనది.

ఇకమీదట తమరు ఫిట్టరు గారికి సాయం చేయకుండా ఉంటే మేలు.

ఇట్లు,
ఫిర్యాదుల గుమాస్తా

తా.క. ఈసారి తాజా కలమే అసలు ఉత్తరం అనుకోండి. నిన్న సాయంత్రం ఫిట్టరు గారింటికి వెళ్ళాను. దారిలో పంపుహౌసు దగ్గర ఆగాను. ఒకటో తేదీ పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఆయన అక్కడే ఉన్నారని కాపలాదారు ప్రమాణం చేసి చెబుతున్నాడు. హాజరు పుస్తకంలో సంతకం కూడా ఉంది. ఆ మాటే ఆయన్ని అడిగాను. "చేయని పని చేశానని ఎందుకు చెప్పారు, ఉద్యోగం పోతే ఎలా?" అన్నాను. జేబులోంచి నేను రాసిచ్చిన నకలు తీసి మడత విప్పారు. తర్వాత ఇలా అన్నారు: "ఇరవై ఆరేళ్ళు బురదలో కూర్చుని పైపులు బిగించానండీ. నీళ్ళొస్తే తలుపేసుకుంటారు, రాకపోతే తిడతారు. ఆ ఉత్తరం నాది కాదంటే ఇంకెవరిదో అయిపోతుంది కదండీ."

ముప్పై మూడో ఫిర్యాదు ఆయనకు చూపించలేదు. మీ ఇంటికి వచ్చిందెవరో నిజంగా మీకు తెలిస్తే అయిదో తేదీలోగా రాయండి. వేరే దారి నాకు కనిపించడం లేదు.


సోమవారం, ఒకటో తేదీ

ఫిర్యాదుల గుమాస్తా గారికి,

నమస్కారం. నేను మీటరు నంబరు 712 వారి భార్యను. మా ఇంట్లో ఆఫీసులకు రాసే మనిషి ఒకరే, ఇప్పటిదాకా నాకు ఆ అవసరం రాలేదు. తప్పులుంటే మన్నించండి.

ఆ రోజు వచ్చింది మీ మనిషి కాదు. నేను పిలిపించిన మనిషి. పక్క వీధిలో సైకిళ్ళు బాగుచేస్తాడు, పైపులు కూడా చూస్తానంటే రమ్మన్నాను. ఖాకీ చొక్కా మా తమ్ముడిది. "ఎవరైనా అడిగితే ఆఫీసు నుంచి వచ్చానని చెప్పు" అని నేనే నేర్పాను. మా ఆయన్ని పైనే ఉండమన్నది కూడా అందుకే. నాలుగేళ్ళుగా తెల్లారి లేవగానే స్టాప్‌వాచీ పట్టుకుని ఆ చుక్కల దగ్గర కూర్చునేవారు. ఆ తర్వాత ఉత్తరం. మధ్యాహ్నానికి తలనొప్పి. "ఆ పైపు ఆగితేగానీ ఈయన ఆగరమ్మా" అన్నాడు డాక్టరు. నేను పిలిపించానని చెబితే ఈయన ఒప్పుకోరు. వీధివైపు పైపు మీద చెయ్యి వేయించానని నామీదే మీకు ఫిర్యాదు రాసి, నా చేతే కవరు అంటింపజేస్తారు.

ఆ సైకిళ్ళతని చెయ్యి తొందరపడలేదని మా ఆయన రాశారట. పని రాదు కాబట్టి తొందరపడలేదు. పన్నెండు రోజులే ఆగింది. పదమూడో తేదీనుంచి మళ్ళీ కారడం మొదలుపెట్టింది. ఈయనకు చప్పుడు వినపడకుండా అతుక్కి పాత చీర ముక్క చుట్టి, రోజుకు నాలుగుసార్లు పిండుతున్నాను. పని బాగాలేదని ఈయన అబద్ధమనుకుని రాసిందే నిజం.

మొన్న శనివారం ఈయన డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు గేటు దగ్గర ఒక పెద్దాయన వచ్చి నిలబడ్డారు. లోపలికి రాకుండా మా పైపు వంకే చూస్తున్నారు. జేబులో మడత పెట్టిన కాగితం ఉంది. నేను అప్పుడే చీర ముక్క పిండుతున్నాను. "ఏంటమ్మా, మళ్ళీ కారుతోందా?" అన్నారు. ఎవరో అర్థమై నాకు ఏడుపొచ్చింది. ఉన్నదంతా చెప్పేశాను. ఆయన కోప్పడలేదు. వెళ్ళి పనిముట్లు తెచ్చుకుని, పాత అతుకు పీకి పారేసి, నలభై నిమిషాలు కూర్చుని మళ్ళీ వేశారు. వేసి లేచి, చేతులు తుడుచుకుని, "ఇప్పుడు ఆ ఉత్తరం నాదేనమ్మా" అన్నారు. ఈసారి టీ ఇచ్చాను. తాగారు.

బాబూ, ఒకటో తేదీన తప్పు చేసింది నేను. ఇరవై తొమ్మిదిన ఆయన చేసింది తప్పయితే అది కూడా నా పేరుమీదే రాయండి. ఆయన్ని మాత్రం ఉద్యోగంలోకి తీసుకోండి. విచారణకు రమ్మంటే వస్తాను. ఒక్కటే కోరిక, ఇది మా ఆయనకు తెలియనివ్వకండి. ఫిట్టరు గారి సంగతికి బాధపడుతున్నా, తన ఉత్తరాలకు ఆఫీసు కదిలిందని లోలోపల సంబరంగానే ఉన్నారు. ఆ సంబరం చెడగొట్టడం నాకు ఇష్టం లేదు.

ఇట్లు,
712 వారి భార్య

తా.క. మీకు వెటకారంగా ఉత్తరాలు రాసినందుకు ఈయన్ని ఏమీ అనుకోకండి. దిండ్ల మాట నేను అన్నదే, ఈయన రాసుకున్నారు.


శనివారం, ఆరో తేదీ

మీటరు నంబరు 712 వారి భార్య గారికి,

నిన్నటి తుది విచారణలో తమరి ఉత్తరం చదవడమైనది. ఫిట్టరు గారిని అడగ్గా, "మొదటిది నేను కాదు సార్. రెండోది మాత్రం నేనే, అది కాదనమంటే ఉద్యోగం పోయినా అనను" అన్నారు.

ఇంజనీరు గారి తీర్పు ఇది. ఒకటో తేదీన పని చేసింది ఫిట్టరు కాదు గనుక ఆయనమీద నేరాలు రెండూ కొట్టివేయడమైనది. ఇరవై తొమ్మిదో తేదీన ఆయన విధుల్లో లేరు. విధుల్లో లేని మనిషికి ఆఫీసు పని ఉత్తర్వు ఇవ్వజాలదు గనుక, ఉత్తర్వు లేకుండా చేశారనడానికి వీల్లేదు. ఆయన ఇవాళ పొద్దున్నే విధుల్లో చేరారు. సైకిళ్ళు బాగుచేసేవారి చేత ఆఫీసు పైపు ముట్టించినందుకు తమరికి హెచ్చరిక. ఇకమీదట అలా చేయరాదు, ముఖ్యంగా ఖాకీ చొక్కాతో.

ముప్పై రెండో ఫిర్యాదు ఇంతటితో మూసివేయడమైనది. పైపు కారకపోవడం సరైన పరిస్థితేనని రిజిస్టరులో రాశాం. కొత్త రిజిస్టరు ఒకటి తెప్పించమని ఇంజనీరు గారు చెప్పారు. దానికేం పేరు పెట్టాలో ఇంకా తేలలేదు. ప్రస్తుతానికి అట్టమీద "ఫిర్యాదులు కానివి" అని రాశాను.

ఇట్లు,
ఫిర్యాదుల గుమాస్తా

తా.క. మీరు కోరినట్టే ఈ సంగతి మీవారికి తెలియనివ్వను. రూలు ప్రకారం జవాబు ఫిర్యాదుదారు పేరుమీదే వెళ్ళాలి కాబట్టి కవరుమీద మాత్రం ఆయన పేరు రాశాను.


మంగళవారం, తొమ్మిదో తేదీ

గుమాస్తా గారికి,

నమస్కారాలు. కవరు నా పేరుమీద వచ్చింది, విప్పాను, చదివాను. ఫిట్టరు గారు మళ్ళీ పనిలో చేరినందుకు ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. ఆయనకు వేరే ఉత్తరం రాశాను, ఈసారి సరైన మనిషికి. ఇందులోనే పెట్టాను. దీన్ని విచారణకు పంపకండి.

ఇక రెండో సంగతి. వీధివైపు పైపు మీద నా భార్య చెయ్యి వేయించింది. రూలు ప్రకారం మీకు ఫిర్యాదు చెయ్యాలి. నిజం చెబుతున్నాను, కాగితం తీసి తేదీ కూడా వేశాను. ఆపైన చెయ్యి కదల్లేదు. డాక్టరు చెప్పినప్పటినుంచి ఎవరెవరికి కృతజ్ఞత రాశానో రాసుకునే పుస్తకం తీసి చూసుకున్నాను. నిన్నటికి ముప్పై ఆరుమందికి కృతజ్ఞత చెప్పాను. పాలతను, పోస్టతను, మంగలి, చెప్పులు కుట్టేవాడు, బస్సు కండక్టరు, మీరు. అందులో ఆవిడ లేదు. చీర ముక్క సంగతి చదివినప్పటినుంచి నాకు చాలా సిగ్గుగా ఉంది. గడియారంలో నూలుపోగు అడ్డుపడినా చప్పుడునిబట్టి పట్టుకునేవాణ్ణి. రోజుకు నాలుగుసార్లు ఆవిడ గుడ్డ పిండుతుంటే పట్టుకోలేకపోయాను.

ముప్పై ఏడో ఉత్తరం ఆవిడకే రాద్దామని కూర్చున్నాను. మొదటి మాట దగ్గరే ఆగిపోయాను. "గౌరవనీయులైన" అని మొదలుపెడితే మీ ఆఫీసుకు రాస్తున్నట్టుంది. ఇంకోలా మొదలుపెట్టడం నాకు రాదు. చివరికి కాగితం పక్కన పెట్టి, సాయంత్రం ఆరు గంటల నలభై నిమిషాలకు వంటింట్లోకి వెళ్ళి నోటితోనే చెప్పాను. "పైపు సంగతి తెలిసింది. నాకోసం చాలా అవస్థ పడ్డావు. థాంక్స్" అన్నాను.

ఆవిడ కత్తిపీట పక్కకు జరిపి లేచింది. నుదుటిమీద చెయ్యి పెట్టి చూసింది. "జ్వరం లేదే. గుండెల్లో ఏమైనా నొప్పిగా ఉందా?" అంది. లేదన్నాను. నమ్మలేదు. కుర్చీ వేసి కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చింది. తను కూడా పక్కన కూర్చుని చాలాసేపు నా మొహంలోకి చూసింది. డాక్టరు రక్తపోటు కొలిచినప్పటికంటే ఎక్కువ భయం వేసింది నాకు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అనని మాట కదా, ఆవిడ తప్పు కాదు. రేపు పొద్దున్న మళ్ళీ చెప్పి చూస్తాను.

ఇట్లు,
మీటరు నంబరు 712

తా.క. పోస్టు చేయకుండా ఉంచాను కాబట్టి ఇది కూడా రాస్తున్నాను. ఇవాళ, పదో తేదీ, పొద్దున్న ఏడు గంటల అయిదు నిమిషాలకు మళ్ళీ చెప్పాను. ఈసారి నుదురు పట్టుకోలేదు. కాస్త సిగ్గుపడి, "సర్లెండి, ఒక్క పైపుకేనా, వీధిదీపానికి కూడానా?" అంది. మా వీధిదీపం కరెంటు ఆఫీసుకు పదకొండు ఉత్తరాలు రాసి నేనే వెలిగించానని ఆరేళ్ళుగా అనుకుంటున్నాను.